యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 – ఆగస్టు, 1948) సుప్రసిద్ధ భారతీయ జీవరసాయన శాస్త్రవేత్త. దేహకణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని సైరస్ ఫిస్కేతో కలసి కనుగొన్నాడు. రక్తంలో చక్కెర అదుపులో ఉండే విధానాన్ని అర్థం చేసుకోవడానికి ఈ పదార్థమే కీలకమైనది.

బాల్యము, విద్య

సుబ్బారావు నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. కుటుంబం పేదరికంలో ఉండేది. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నంలో, మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణుడయ్యాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించాడు. ఇది ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి కారణమైంది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా లభించింది. 1919లో శేషగిరితో వివాహం జరిగింది. ఇద్దరు సోదరులు స్ప్రూ వ్యాధితో మరణించడం ఆయనను వైద్య పరిశోధనవైపు మళ్ళించింది.

హార్వర్డులో పరిశోధనలు

మామగారి ఆర్థిక సహాయంతో అమెరికా వెళ్ళి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా పొందాడు. తరువాత జీవరసాయన శాఖలో ఫిస్కే వద్ద చేరాడు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని రంగు ఆధారంగా కొలిచే వీరి పద్ధతి 1925లో వెలువడింది. అది నేటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధం. ఇద్దరూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరాలలో గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి అభిప్రాయం ఈ పరిశోధనలతో సడలిపోయింది. 1930లో సుబ్బారావుకు డాక్టరేటు వచ్చినా హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు.

రక్తంలో చక్కెర - ఏటీపీ పాత్ర

భోజనానంతరం రక్తంలో చక్కెర పెరిగినప్పుడు అది క్లోమంలోని బీటా కణాలలోకి ప్రవేశిస్తుంది. అక్కడ చక్కెర ఖర్చయి ఏటీపీ పెరుగుతుంది. ఏటీపీ పెరగగానే కణపొరలోని పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి, ఇన్సులిన్ విడుదలవుతుంది. అంటే చక్కెర ఎంత ఉన్నదో కణానికి తెలిపే కొలత ఏటీపీయే. ఈ సంగతి సుబ్బారావు మరణించిన చాలా కాలానికి బయటపడింది. మధుమేహానికి వాడే సల్ఫోనైల్‌యూరియా మందులు మూసివేసేది కూడా ఈ ద్వారాలనే.

ఇన్సులిన్ ప్రభావంతో చక్కెర కండరాలలోకి చేరుతుంది. అక్కడ ఏటీపీ నుండి ఒక ఫాస్ఫేటు దానికి అతుక్కుంటుంది. అలా మారిన చక్కెర కణం నుండి తిరిగి బయటకు పోలేదు. గ్లైకోజన్‌గా నిల్వ ఉంటుంది లేదా శక్తిగా ఖర్చవుతుంది. కాలేయం కూడా కొంత భాగాన్ని గ్లైకోజన్‌గా దాచుకుంటుంది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దానిని పూర్తిగా తిరిగి పీల్చుకోలేవు. అందువలన మిగులు మూత్రంలో పోతుంది.

లెడర్లీలో

1940లో లెడర్లీ సంస్థలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది ఔషధమైంది. బోదకాలుకు వాడే హెట్రజాన్, క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాల ఫలితాలే. బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ వెలువడినది కూడా అక్కడినుండే.

మరణము, గుర్తింపు

1948 ఆగస్టులో న్యూయార్కు ప్రాంతంలో గుండెపోటుతో మరణించాడు. వయస్సు 53 సంవత్సరాలు. అమెరికా వెళ్ళిన తరువాత స్వదేశానికి తిరిగి రాలేదు, అమెరికా పౌరసత్వమూ స్వీకరించలేదు. నోబెల్ బహుమతి ఆయనకు రాలేదు. ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన పేరిట సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.