నీళ్ళ కాఠిన్యానికి లెక్క కట్టిన థామస్ క్లార్క్

థామస్ క్లార్క్ గారు స్కాట్లండు దేశంలో ఎయిర్ అనే ఊళ్ళో 1801 మార్చి 31న పుట్టారు. తండ్రి సరుకుల ఓడకు కెప్టెన్. చదువు అయ్యాక క్లార్క్ గారు గ్లాస్గో పట్టణంలో చార్లెస్ మాకింతోష్ కంపెనీలో గుమాస్తాగా చేరారు. వానకి తడవని కోటు గుడ్డ కనిపెట్టింది ఈ మాకింతోష్ గారే. అక్కడ లెక్కలు రాస్తూ రాస్తూనే క్లార్క్ గారికి రసాయన శాస్త్రం మీద ఇష్టం కలిగింది. తర్వాత ఒక రసాయనాల ఫ్యాక్టరీలో కెమిస్టు అయ్యారు. 1833లో అబర్డీన్ పట్టణంలోని మారిషల్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు.

మిత్రులారా! కొన్ని నీళ్ళలో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. తెల్లగా తెట్టు కడుతుంది. పప్పు తొందరగా ఉడకదు. ఇవి కఠిన జలాలు. వీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. అవి సబ్బుని పట్టుకుని తెట్టుగా మార్చేస్తాయి. అవన్నీ అయిపోయాకే నురగ వస్తుంది. ఈ నీళ్ళు కఠినం అని అందరూ అనేవాళ్ళే గానీ ఎంత కఠినమో ఎలా చెప్పాలి?

క్లార్క్ గారు ఆ సబ్బుతోనే కొలిచారు. సబ్బుని సారాయిలో కరిగించి ద్రావణం చేశారు. కొలిచిన నీళ్ళు సీసాలో పోసి, ద్రావణం కొంచెం కొంచెంగా కలిపి, మూత పెట్టి గట్టిగా కుదిపారు. నురగ 5 నిమిషాలు చెదరకుండా నిలిచిందంటే ఆపెయ్యాలి. ఎంత సబ్బు ఖర్చయిందో దాన్ని బట్టి కాఠిన్యం తెలుస్తుంది. ఇది కూడా అంశమాపనమే. లీటరు నీళ్ళలో సుమారు 14.3 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటు ఉంటే ఒక క్లార్క్ డిగ్రీ అంటారు.

1841లో ఆయన నీళ్ళను మెత్తబరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. బైకార్బొనేట్లున్న నీళ్ళలో సరిపడా సున్నం కలిపితే, ఆ సున్నమూ నీళ్ళలో ఉన్న కాల్షియమూ కలిసి తెల్లటి సుద్దలాగ అడుక్కి దిగిపోతాయి. సున్నంతోనే సున్నాన్ని తీసెయ్యడం ఎంత వింత!

తర్వాత ఆయన ఆరోగ్యం పాడైంది. పాఠాలు చెప్పడం కష్టమైంది. 1867 నవంబరు 27న గ్లాస్గోలో చనిపోయారు. 1940లలో స్విట్జర్లాండుకి చెందిన ష్వార్జన్‌బాఖ్ గారు ఇ.డి.టి.ఎ. పద్ధతి తెచ్చారు. ఇప్పుడు లాబుల్లో అదే చేస్తారు. ఎర్ర రంగు నీలం అయితే ఆపుతారు.

హాస్టల్లో ఇచ్చిన సబ్బు నెల నిండక ముందే అరిగిపోతే పిల్లలు పాడు చేశారంటారు. కానీ క్లార్క్ గారి లెక్క చూస్తే, మనకంటే ముందు బోరు నీళ్ళే సబ్బుని తింటున్నాయేమో అని కూడా చూడాలి. వాన నీళ్ళలో ఈ లవణాలు దాదాపు ఉండవు. అందుకే వానాకాలంలో చూరు కింద బిందెలు పెట్టి, ఆ నీళ్ళతో బట్టలు ఉతికితే సబ్బు మిగులుతుంది. ఒక గుమాస్తా కుర్రాడు నేర్చుకున్న చదువు ఇన్నేళ్ళ తర్వాత మన బట్టల సబ్బు దాకా వచ్చింది.