అసూయకు తావివ్వని చెలిమి.. వాడుక భాషకు బలిమి

టెక్కలి: ఒకే బడిలో చదివి, ఒకే రంగంలో అడుగుపెట్టిన ఇద్దరిలో ఒకరికి ముందుగా కీర్తి దక్కితే రెండో వారి మనసులో అసూయ మొలకెత్తడం లోకసహజం. జిల్లా గర్వించదగ్గ భాషావేత్త గిడుగు వెంకట రామమూర్తి పంతులు, మహాకవి గురజాడ వెంకట అప్పారావు మధ్య మాత్రం దానికి చోటు లేకపోయింది.

శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి చదువు కోసం విజయనగరం చేరారు. అక్కడ తనకంటే ఏడాది పెద్దవారైన గురజాడ సహాధ్యాయిగా లభించారు. ఆ చెలిమి చివరిదాకా నిలిచింది.

జీవితాలు మాత్రం భిన్నమార్గాల్లో సాగాయి. గిడుగు 1880లో పర్లాకిమిడి రాజా వారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. గురజాడ విజయనగరం కళాశాలలో పట్టభద్రులై, ఆనంద గజపతి ఆదరణ పొందారు. ఆయన కన్యాశుల్కం నాటకం 1892లో రంగస్థలమెక్కి పేరు తెచ్చింది. అదే కాలంలో గిడుగు, టెక్కలికి ఎగువనున్న పర్లాకిమిడి కొండల్లో సవరల వెంట తిరుగుతూ లిపి లేని వారి భాషను నేర్చుకుంటున్నారు. అడవి జ్వరాలకు వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నా వెనుకంజ వేయలేదు. మిత్రుడికి సభల్లో కరతాళధ్వనులు, తనకు కొండదారుల్లో జ్వరాలు. అయినా ఆయన మిత్రుడి కీర్తితో తన కృషిని బేరీజు వేసుకోలేదు.

1906 తర్వాత పాఠశాలల తనిఖీ అధికారి యేట్స్ ప్రోద్బలంతో వాడుక భాషా వివాదం మొదలైనప్పుడు ఈ స్నేహం ఫలించింది. ప్రజల నోటి మాటకు సాహిత్య గౌరవం ఉందని గురజాడ తన రచనలతో చూపారు. పూర్వకవుల ప్రయోగాలను, శాసనాలను తవ్వితీసి గిడుగు శాస్త్రబలం చేకూర్చారు. ఒకరిది సృజన, మరొకరిది వాదన. గ్రాంథికవాదుల నాయకుడు జయంతి రామయ్య పంతులు పక్షానికి ఈ జోడీ దీటుగా నిలిచింది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు.

1915 నవంబర్ 30న గురజాడ కన్నుమూశారు. అప్పటికి విద్యారంగంలో గ్రాంథికానిదే పైచేయి. ఒంటరైన గిడుగు ఉద్యమాన్ని వదల్లేదు. 1919లో తెలుగు అనే పత్రికను నడిపారు. సభలకు వెళ్లి గంటల తరబడి వాదించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం వెలువడింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలవడంతో రాజమహేంద్రవరం తరలిపోయారు. 1940 జనవరి 22న తుదిశ్వాస విడిచారు. మిత్రుడు లేని పాతికేళ్లూ ఇద్దరి భారాన్నీ ఒక్కరే మోశారు.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నాం. పలాస జీడి కార్మికుడు, ఉద్దానం కొబ్బరి రైతు తమకు అర్థమయ్యే తెలుగులో పత్రిక చదవగలుగుతున్నారంటే అందులో ఈ స్నేహితులిద్దరి చలవ ఉంది. కీర్తిని పంచుకోవడంలో కాదు, పనిని పంచుకోవడంలోనే వారి చెలిమి గొప్పతనం దాగుంది. కలం పట్టే యువతకు ఇది ఆదర్శం.