పద్నాలుగేళ్ళు సెలవు పెట్టని ఆటగాడు: లూ గెరిగ్

ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి రాయవలసిందిగా మన సంపాదకవర్గం వారు కోరారు. గాంధీజీ గురించి, పొట్టి శ్రీరాములు గారి గురించి నాకంటే బాగా రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను మన దేశం వాడు కాని, మనం ఆడని ఆట ఆడిన ఒక మనిషిని ఎంచుకున్నాను. ఆయన పేరు లూ గెరిగ్. అమెరికాలో పేరుమోసిన బేస్‌బాల్ క్రీడాకారుడు. ముప్ఫై ఆరేళ్ళు గుమాస్తాగా పనిచేసి, హాజరు పట్టీలూ సెలవు ఖాతాలూ రాసిన వాణ్ణి గనుక, పద్నాలుగేళ్ళపాటు ఒక్క ఆటకైనా గైరుహాజరు కాని ఈయన సంగతి తెలిసినప్పటినుంచీ నాకు ఆయనమీద ప్రత్యేకమైన అభిమానం ఏర్పడింది.

ముందుగా ఆట గురించి రెండు ముక్కలు. క్రికెట్ ఎరిగిన మనకు ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. జట్టుకు 9 మంది. మైదానంలో 90 అడుగుల భుజం గల చతురస్రం, దాని నాలుగు మూలలా నాలుగు స్థానాలు. బంతిని కొట్టినవాడు మొదటి మూలకు పరుగెత్తాలి. వాడు చేరేలోగా అక్కడ కాలు మోపి నిలబడ్డ ఆటగాడి చేతిలో బంతి పడితే అవుట్. ఆ మూల కాపలాదారునే ఫస్ట్ బేస్‌మన్ అంటారు. తనవాళ్ళు బంతిని ఎత్తుగా విసిరినా, నేలబారుగా విసిరినా, వంకరగా విసిరినా పట్టుకుని తీరాలి. మన ఆఫీసుల్లో ఇన్‌వార్డు గుమాస్తా వంటి వాడనుకోండి. వచ్చిన కాగితాన్ని వద్దనడానికి లేదు. ఇక బంతిని మైదానం గోడ దాటిస్తే హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. ఆ రోజుల్లో ఒక్కో జట్టు ఏడాదికి 154 ఆటలు ఆడేది.

గెరిగ్ 1903 జూన్ 19న న్యూయార్క్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు జర్మనీ నుంచి వలస వచ్చిన పేదవారు. నలుగురు పిల్లలు పుట్టగా బతికి బట్టకట్టింది ఈయన ఒక్కరే. తండ్రి రేకుల పని చేసేవారు గాని, అనారోగ్యం వల్లా తాగుడు వల్లా పని నిలకడగా ఉండేది కాదు. కుటుంబాన్ని ఈడ్చుకొచ్చింది తల్లి క్రిస్టినా. ఇళ్ళల్లో పాచిపని, వంటపని, బట్టలుతకడం, ఏది దొరికితే అది చేశారు. కొలంబియా విశ్వవిద్యాలయం విద్యార్థులుండే ఒక వసతి గృహంలో ఆమె వంటమనిషిగా ఉండేవారు. తరువాత ఆ విశ్వవిద్యాలయంలోనే కొడుకు చదువుకు చేరారు. ఫుట్‌బాల్ బాగా ఆడతారని అందుకు ఉపకార వేతనం దొరికింది. కొడుకు ఇంజనీరు కావాలని ఆ తల్లి కోరిక. మన ఇళ్ళల్లో తల్లుల కోరికకూ దానికీ ఏమీ తేడా లేదు.

1920లో, పదిహేడేళ్ళ వయసులో, పాఠశాల జట్టు తరఫున షికాగో వెళ్ళి అక్కడి పెద్ద జట్ల మైదానంలో బంతిని గోడ అవతలికి కొట్టడంతో పత్రికలవాళ్ళ కళ్ళు ఈయన మీద పడ్డాయి. కాలేజీలో చేరే ముందు వేసవిలో మారుపేరుతో డబ్బుకు ఆడారు. న్యూయార్క్ జెయింట్స్ జట్టు మేనేజరు జాన్ మెక్‌గ్రా గారే అలా ఆడమని సలహా ఇచ్చారంటారు. ఆ సంగతి బయటపడి ఏడాదిపాటు కాలేజీ ఆటల నుంచి వేటు పడింది. ఈ మెక్‌గ్రా గారి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1923లో ఇంట్లో తల్లికి జబ్బు, తండ్రికి జబ్బు. ఆ పరిస్థితిలో న్యూయార్క్ యాంకీస్ జట్టువారు 1500 డాలర్లు ముందుగా ఇస్తామనేసరికి చదువు వదిలేసి ఒప్పందం మీద సంతకం చేశారు. తల్లి చాలా బాధపడ్డారు. మొదటి రెండేళ్ళూ ఎక్కువ కాలం హార్ట్‌ఫర్డ్‌లోని చిన్న జట్టులోనే గడిచింది.

ఇక అసలు కథ. 1925 జూన్ 1న ఆయనను వానింగర్ అనే ఆటగాడి బదులు ఒక్కసారి బ్యాటింగుకు పంపారు. మరునాడు ఫస్ట్ బేస్‌లో వాలీ పిప్ అనే సీనియరు స్థానంలో నిలబెట్టారు. పిప్‌కు తలనొప్పి వచ్చి ఒక్క రోజు విశ్రాంతి అడిగారనీ, ఆ ఒక్క రోజుతో ఉద్యోగమే పోయిందనీ అమెరికాలో తాతలు మనవలకు చెప్పే కథ. మా రెండో అబ్బాయి దగ్గరకు న్యూజెర్సీ వెళ్ళినప్పుడు నేనూ ఈ కథే విన్నాను. నిజానికి జట్టు వరుసగా ఓడిపోతుంటే మేనేజరు మిల్లర్ హగ్గిన్స్ ఆ రోజు ఒక్క పిప్‌నే కాదు, ఇంకొందరు పాతవాళ్ళను కూడా పక్కన కూర్చోబెట్టారు. పిప్ తలకు బంతి తగిలి ఆసుపత్రి పాలయ్యింది ఆ తరువాత నెలరోజులకు. జనం ఆ రెంటినీ కలిపేశారు. తలనొప్పి కథ నీతి చెప్పడానికి బాగుంటుంది గనుక నిలిచిపోయింది. నాకు మాత్రం కాగితం మీద ఉన్నదే నచ్చుతుంది, అలవాటు అలాంటిది. ఇంకో విశేషం ఉంది. అంతకు ముందు వరుసగా 1307 ఆటలు ఆడి రికార్డు నెలకొల్పిన ఎవరెట్ స్కాట్‌ను అదే ఏడాది మే నెలలో తప్పించి, ఆ స్థానంలో ఆడించింది ఈ వానింగర్‌నే. అంటే పాత రికార్డు ఏ మనిషి దగ్గర ఆగిందో, కొత్త రికార్డు ఆ మనిషి బదులు ఆడటంతోనే మొదలయ్యింది.

ఆ జట్టులో అప్పటికే బేబ్ రూత్ ఉన్నారు. ఆయన మాట తీరూ, తిండీ, ఖర్చూ అన్నీ భారీయే. పత్రికలకు ఆయనంటే పండగ. గెరిగ్ మితభాషి, తల్లిచాటు బిడ్డ, మూడు పదుల వయసు వరకు తల్లితోనే ఉన్నారు. 1927లో గెరిగ్ 47 హోమ్ రన్‌లు కొట్టి, సగటు .373తో, తన దెబ్బలతో జట్టుకు 173 పరుగులు తెచ్చిపెట్టారు. లీగులో అత్యంత విలువైన ఆటగాడిగా బహుమానం కూడా పొందారు. అయినా ఆ సంవత్సరం అనగానే లోకానికి గుర్తొచ్చేది రూత్ కొట్టిన 60 హోమ్ రన్‌లే. 1932 జూన్ 3న ఫిలడెల్ఫియాలో గెరిగ్ ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్‌లు కొట్టారు. ఆ శతాబ్దంలో అంతవరకు ఆయన లీగులో అది ఎవరూ చేయని పని. మరునాడు పెద్ద అక్షరాలతో రావలసిన వార్త. కానీ ముప్ఫై ఏళ్ళు జెయింట్స్‌ను నడిపిన మెక్‌గ్రా గారు సరిగ్గా ఆ రోజే పదవీ విరమణ ప్రకటించారు. పెద్ద అక్షరాలు ఆయనకు పోయాయి. కష్టపడి పనిచేసి, పేరు పక్క సీటు వాడికి పోవడం చూసిన వారు మనలో ఎందరున్నారో చేతులెత్తమంటే హాలు సరిపోదు.

ఈయన మాత్రం నోరు విప్పి ఫిర్యాదు చేసిన దాఖలా లేదు. రూత్ జీతం ఒకప్పుడు 80,000 డాలర్లు ఉండగా, గెరిగ్ ఎన్నడూ అందులో సగం దాటలేదు. రూత్‌కూ ఈయనకూ కొన్నేళ్ళు మాటలు లేవు, అయితే అది జీతం గురించి కాదు. రూత్ కూతురి బట్టల గురించి గెరిగ్ తల్లి ఏదో అన్నారట. ఆడవాళ్ళ మాటతో మొదలై మగవాళ్ళ పంతంతో ముదిరిన తగాదా అది.

1933లో ఎలినార్‌ను పెళ్ళి చేసుకున్నారు. తల్లికి ఇష్టం లేదు. గొడవ ముదరడంతో, ఇంకా మరమ్మతులు జరుగుతున్న కొత్త ఇంట్లో, పనివాళ్ళ మధ్యే పెళ్ళి కానిచ్చేశారు. ఆ మధ్యాహ్నమే ఆటకు వెళ్ళిపోయారు కూడా.

ఆయన హాజరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1934 జూన్‌లో ఒక ప్రదర్శన ఆటలో బంతి తలకు తగిలి స్పృహ తప్పారు. మరునాడు వాచిన తలకు పెద్ద టోపీ పెట్టుకుని వచ్చి మూడు గట్టి దెబ్బలు కొట్టారు, అయితే వాన వచ్చి ఆ ఆట లెక్కలోకి రాలేదు. మరుసటి నెలలో నడుము పట్టేసి నిలబడలేని స్థితిలో, పేరు జాబితాలో మొదట వేయించి, ఒక్కసారి బ్యాటు పట్టి, బంతి కొట్టి, వెంటనే తప్పుకున్నారు. పొద్దున్నే రిజిస్టరులో సంతకం పెట్టి ఇంటికి వెళ్ళిపోయే వారిని మనం ఎరుగుదుం. నిబంధన ప్రకారం హాజరే గాని, ఖచ్చితంగా చూసే ఆడిటరు ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు. అలాంటి రోజులు వేళ్ళమీద లెక్కపెట్టదగినవి. తరువాత ఒకసారి చేతులకు ఎక్స్‌రే తీస్తే పాత ఎముకల విరుగుళ్ళు, తమంతట తాము అతుక్కున్నవి, 17 కనిపించాయట. అన్నీ ఆడుతూనే మాన్పుకున్నవి. ఆ 1934లోనే సగటులోనూ, హోమ్ రన్‌లలోనూ, తెచ్చిన పరుగులలోనూ మూడింటా లీగులో ప్రథముడుగా నిలిచారు.

1935 నుంచి జట్టుకు కెప్టెన్. ఆయన ఆడిన యాంకీస్ ఆరుసార్లు వరల్డ్ సిరీస్ గెలిచారు. 1938లో ఏదో తేడా కనిపించింది. సగటు .295కు తగ్గింది. మామూలు ఆటగాడికి అది గొప్పే, ఈయనకు 1925 తరువాత ఎన్నడూ అంత తక్కువ లేదు. 1939 వసంతంలో పరిస్థితి ఘోరం. బూటు తాడు కట్టుకోవడం కష్టం, మెట్లెక్కడం కష్టం, కొట్టిన బంతి దూరం పోదు. మొదటి 8 ఆటల్లో 28 అవకాశాలకు 4 సార్లే తగిలింది. మేనేజరు జో మెక్‌కార్తీ ఆయనను తప్పించలేదు, తప్పించడానికి మనసొప్పలేదు. ఏప్రిల్ 30న ఒక తేలికైన బంతిని అందుకుని ఒకరిని అవుట్ చేశారు. ఎవరైనా చేసే పని. దానికి సహచరులు వచ్చి భేష్ అంటూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు ఆయనకు అర్థమయ్యింది. చిన్నపిల్లవాడు అడుగు వేస్తే చప్పట్లు కొట్టినట్లు తనకు కొడుతున్నారని గ్రహించారు.

మే 2న డెట్రాయిట్‌లో, తానే వెళ్ళి మెక్‌కార్తీకి ఇక తనను ఆడించవద్దని చెప్పారు. కెప్టెన్ గనుక, తన పేరు లేని జాబితా కాగితాన్ని అంపైర్లకు తన చేత్తోనే తీసుకెళ్ళి ఇచ్చారు. వరుసగా 2130 ఆటలు అక్కడ ఆగాయి. ఆ రోజు ప్రేక్షకులలో వాలీ పిప్ కూడా ఉన్నారు. ఆటలో యాంకీస్ 22-2తో గెలిచారు.

జూన్‌లో మిన్నెసోటా రాష్ట్రంలోని మేయో క్లినిక్‌లో వారం రోజులు పరీక్షలు చేశారు. ఆయన 36వ పుట్టినరోజు నాడు, జూన్ 19న, జబ్బు నిర్ధారణ అయ్యింది. అమయోట్రోఫిక్ లేటరల్ స్క్లెరోసిస్. కండరాలను నడిపించే నరాల కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. కాళ్ళూ చేతులూ, తరువాత మాట, మింగడం, చివరకు ఊపిరి. చాలామందిలో తెలివి మాత్రం చివరిదాకా చెడదు. ఈనాటికీ దానిని కొంత నెమ్మదింపజేసే మందులే గాని నయం చేసే మందు లేదు. మన దేశంలో డాక్టర్లు మోటార్ న్యూరాన్ వ్యాధి అని చెప్పేది ఎక్కువగా దీనినే. అమెరికాలో సామాన్యులకు అది లూ గెరిగ్ వ్యాధి.

జూలై 4న యాంకీ స్టేడియంలో ఆయనకు సన్మానం చేశారు. 61,808 మంది వచ్చారు. ఇచ్చిన బహుమతులు పట్టుకునే శక్తి లేక కిందపెట్టేశారు. మాట్లాడనని మొదట నిరాకరించి, జనం వదలకపోతే మైకు దగ్గరకు వచ్చారు. తనకు పట్టిన దురదృష్టం సంగతి అందరూ చదివే ఉంటారనీ, అయినా ఈ భూమ్మీద తనంత అదృష్టవంతుడు లేడనీ చెప్పారు. మేనేజర్లకూ సహచరులకూ కృతజ్ఞత చెప్పి, మైదానం చదునుచేసే పనివాళ్ళను కూడా మరవలేదు. భార్యాభర్తల వాదులాటలో కూతురి పక్షం కాకుండా తన పక్షం వహించే అత్తగారిని ప్రత్యేకంగా తలుచుకున్నారు. కాగితం చూడలేదు. మాటలు లేని బేబ్ రూత్ ఆ రోజు వచ్చి కౌగలించుకున్నారు. ఆయన వేసుకున్న 4వ నంబరు చొక్కాను ఇంకెవరికీ ఇవ్వకూడదని జట్టువారు తీర్మానించారు. పెద్ద లీగుల్లో అలా ఒక నంబరును విరమింపజేయడం అదే మొదలు.

ఇక్కడితో కథ ఆపేస్తారు చాలామంది. మన సంఘానికి నేను చెప్పదలచుకున్నది దీని తరువాతి భాగం. ఆ రోజుల్లో ఆటగాళ్ళకు పెన్షను లేదు. పెద్ద లీగుల్లో పెన్షను పథకం వచ్చింది 1947లో. గెరిగ్‌కు తన పేరు వాడుకుంటామని ఎక్కువ డబ్బు ఇవ్వజూపినవారున్నారు. వాటిని కాదని, నగర మేయరు లాగార్డియా అడగగా న్యూయార్క్ పెరోల్ కమిషనరు ఉద్యోగానికి ఒప్పుకున్నారు. జీతం ఏడాదికి 5700 డాలర్లు. నగరంలోనే నివాసం ఉండాలనే నిబంధన ఉన్నందున ఇల్లు కూడా మార్చారు. 1940 జనవరి 2న ప్రమాణం చేసి చేరారు. ఖైదీల కాగితాలు చదవడం, ఎవరిని విడుదల చేయవచ్చో, ఎవరిని ఇంకా ఉంచాలో నిర్ణయించడం ఆ పని. జైళ్ళకు వెళ్ళినప్పుడు పత్రికలవారు వెంట రాకూడదని షరతు పెట్టుకున్నారు. రాకీ గ్రాజియానో అనే కుర్రవాడు ఈయన ముందుకు వచ్చి, తిరిగి సంస్కరణ శాలకు పంపబడ్డాడు. అప్పుడు నోటికొచ్చినట్లు తిట్టాడట. అతడే 1947లో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయ్యాడు.

వేళ్ళు పట్టు తప్పాక, సంతకం పెట్టవలసిన చోట ఎలినార్ ఆయన చేతిని పట్టుకుని పెట్టించేవారు. నడవలేని స్థితి వచ్చాక కూడా ఆఫీసుకు వెళ్ళారు. చనిపోవడానికి నెలరోజుల ముందు మాత్రమే సెలవు తీసుకున్నారు. నాకు ఆ 2130 ఆటల కంటే ఈ పదహారు నెలల ఆఫీసు హాజరే పెద్దదనిపిస్తుంది. ఆటకు చప్పట్లు కొట్టేవారుండేవారు, ఫైళ్ళకు ఎవరు కొడతారు?

1941 జూన్ 2 రాత్రి ఇంట్లోనే కన్నుమూశారు. వయసు 37. పిప్ స్థానంలో నిలబడి సరిగ్గా పదహారేళ్ళు. మరుసటి ఏడాది ఆయన జీవితం సినిమాగా వచ్చింది. గారీ కూపర్ గెరిగ్‌గా నటించారు, రూత్ పాత్రను బేబ్ రూత్ తానే వేసుకున్నారు. 2130 ఆటల రికార్డు 56 ఏళ్ళు నిలిచి, 1995 సెప్టెంబర్ 6న బాల్టిమోర్‌లో కాల్ రిప్కెన్ చేతిలో చెదిరింది. ఎలినార్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆ వ్యాధి పరిశోధనకు విరాళాలు కూడగట్టడంలో పాటుపడి 1984లో చనిపోయారు. ఇద్దరి అస్థికలూ న్యూయార్క్ సమీపంలోని కెన్సికో శ్మశానంలో ఒకేచోట ఉన్నాయి. అక్కడి రాతి మీద గెరిగ్ పుట్టిన సంవత్సరం 1903కు బదులు 1905 అని చెక్కారు. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ తప్పుపడితే దిద్దించుకోవడానికి మనం ఎన్ని దరఖాస్తులు పెట్టామో మనకే తెలుసు. ఆ రాతి మీద మాత్రం 1905 అలాగే ఉంది.