వేలిముద్రకు అంకె కట్టిన ఖాజీ అజీజుల్ హక్

మన డెల్టా గ్రామాలలో ఒక మనిషిని వేలిముద్ర అన్నారంటే చదువురానివాడని అర్థం. దస్తావేజు అడుగున నిశాని వేసే రైతును చూచి, నాలుగక్షరాలు నేర్చినవారు నవ్వుకున్న రోజులు కలవు. ఆ నిశానిలోని గీతలను అంకెలుగా మార్చి, వేల కాగితాల నడుమ ఒక మనిషిని వెదకి పట్టే దారి చూపినవారు మాత్రం కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం చదివిన ఒక ముస్లిం యువకుడు. వారే ఖాజీ అజీజుల్ హక్.

వారిని ఇప్పుడు స్మరించుకొనడానికి ఒక కారణమున్నది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాం అనేక దేశాల కంప్యూటర్లలో చొరబడి, ఫైళ్ళకు తాళం వేసి, తాళం తీయడానికి సొమ్ము అడిగింది. మన కృష్ణా, గుంటూరు జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని వాత పడ్డాయి. ఆ శాఖవారి రాష్ట్ర ప్రధాన కార్యాలయం నేడు మన మంగళగిరిలోనే ఉన్నది. ఇటువంటి ఫైళ్ళను గుర్తించడానికి నిపుణులు ముందుగా చేపట్టే సాధనాన్ని హ్యాష్ అంటారు. ఫైలు ఎంత పెద్దదైనా దానిని ఒక లెక్కలో వేస్తే నిర్ణీతమైన పొడవు గల చిన్న సంకేతం వస్తుంది. షా-256 అనే లెక్కలో అది 64 అక్షరాంకెలు. ఇంగ్లీషులో ఆ మాటకు ముక్కలు చేసి కలగలపడమని మూలార్థం. మన ఇళ్ళలో ఖీమా కొట్టడం వంటిదే. ఖీమాను చూచి మేకను తిరిగి నిలబెట్టలేము. సంకేతాన్ని చూచి ఫైలును తిరిగి వ్రాయలేము. కాని అదే ఫైలు ఏ ఊరి కంప్యూటరులో దొరికినా అదే సంకేతం వస్తుంది. పట్టుబడిన దుష్ట ఫైళ్ళ సంకేతాల జాబితా ఒకటి దగ్గర ఉంచుకొని, ఒక కార్యాలయపు నెట్‌వర్కులోని ప్రతి ఫైలును దానితో సరిపోల్చవచ్చును. పెద్దదానిని చిన్న అంకెగా మార్చి, ఆ అంకెతో వెదకడం అనే ఈ యుక్తిని కంప్యూటర్లు పుట్టకముందే పోలీసు కచేరీలో నడిపించినవారు హక్ గారు.

వారు 1872లో, నేటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతంలో, పాయ్‌గ్రామ్ కస్బా అనే ఊరిలో జన్మించారు. బాల్యంలోనే తల్లిదండ్రులు గతించారు. అన్నం ఎక్కువ తింటున్నాడని అన్నగారు కొట్టగా పన్నెండేళ్ళ ప్రాయంలో ఇల్లు విడిచి కలకత్తా చేరారనీ, అక్కడ ఒక కుటుంబం చేరదీసి చదివించిందనీ చెప్పుకుంటారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఉండగా, గణితంలో దిట్టయైన విద్యార్థి కావాలని బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ కోరడం, ప్రిన్సిపాలు హక్ గారి పేరు చెప్పడం జరిగాయి. 1892లో సబ్ ఇన్‌స్పెక్టరుగా కొలువులో చేరారు.

ఆ కాలాన నేరస్థులను గుర్తించడానికి ఫ్రాన్సు దేశపు బెర్తిలాన్ పద్ధతిని అనుసరించేవారు. తల, చేయి, పాదం కొలిచి వ్రాసుకోవడమే అది. ఒకే మనిషిని ఇద్దరు జవానులు కొలిస్తే రెండు కొలతలు వచ్చేవి. వేలిముద్ర జీవితాంతం మారదని గాల్టన్ అప్పటికే గ్రంథం వ్రాశారు. కాని వేల ముద్రలు పోగుపడితే కావలసినదానిని ఎట్లా వెదకి తీయాలి? చిక్కంతా అక్కడ ఉన్నది.

హక్ గారి సూత్రం ఎంత సులభమో విద్యార్థులు తమ వేళ్ళ మీదనే పరీక్షించుకోవచ్చును. కుడి బొటనవ్రేలితో మొదలుపెట్టి ఎడమ చిటికెన వ్రేలి వరకు పది వేళ్ళను వరుసగా అయిదు జతలు చేయాలి. ఏ వ్రేలికి సుడి ఉన్నదో చూడాలి. సుడి ఉన్న వ్రేలికి మొదటి జతలో 16, తరువాతి జతలలో క్రమంగా 8, 4, 2, 1 విలువ. సుడి లేకుంటే సున్న. జతలలోని రెండవ వేళ్ళ విలువలను కూడి ఒకటి కలిపితే లవం. మొదటి వేళ్ళ విలువలను కూడి ఒకటి కలిపితే హారం. ఒక్క సుడి కూడా లేనివానికి 1/1. కుడి బొటనవ్రేలికీ చూపుడు వ్రేలికీ మాత్రమే సుడులుంటే 17/17. పది వేళ్ళకూ ఉంటే 32/32. నిలువున 32, అడ్డంగా 32 గూళ్ళతో ఒక బీరువా చేయిస్తే మొత్తం 1,024 గూళ్ళు. క్రొత్త ముద్ర రాగానే లెక్క కట్టి, తిన్నగా ఆ గూటి దగ్గరకే పోవచ్చును. ఒకే గూటిలో అనేకుల కాగితాలు చేరక తప్పదు. అప్పుడు గీతలను ఒక్కొక్కటిగా పోల్చి చూచేవారు. నేటి హ్యాష్‌కూ దీనికీ ఒక భేదమున్నది. వేలిముద్ర కొంత చెదరినా మనిషిని పోల్చవచ్చును. ఫైలులో ఒక్క అక్షరం మారితే సంకేతమంతా మారిపోతుంది. దుష్ట ప్రోగ్రాములు వ్రాసేవారికి ఈ సంగతి బాగా తెలుసును.

హక్ గారి తోటి ఉద్యోగి హేమచంద్ర బోస్ కూడా ఈ పద్ధతిని పెంపొందించారు. ముద్ర స్వరూపాన్ని తంతి ద్వారా పంపగల సంకేతభాషను కల్పించిన ఘనత ఆయనది. 1897లో ప్రభుత్వం నియమించిన ఇద్దరు సభ్యుల సంఘం పద్ధతిని పరీక్షించి ఆమోదించింది. అదే సంవత్సరం జూన్‌లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలసింది.

త్వరలోనే పరీక్ష రానే వచ్చింది. జల్పాయిగురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. ఇంటిలోని పంచాంగం మీద నెత్తుటి బొటనవ్రేలి గుర్తు కనబడింది. అది అతని పాత నౌకరు ముద్రతో సరిపోయింది. ఆ నౌకరుకు పూర్వం దొంగతనం క్రింద శిక్ష పడి ఉండడం చేత అతని ముద్ర బ్యూరోలో ఉన్నది. లేకుంటే బీరువాలో వెదకినా ఏమీ దొరికేది కాదు. న్యాయస్థానం దొంగతనం నేరం మాత్రమే స్థిరపరచి, హత్యానేరం నుండి విడిచిపుచ్చింది. హ్యాష్ జాబితాల బలహీనత కూడా ఇదే. మునుపు పట్టుబడినదానినే అవి గుర్తిస్తాయి. తొలిసారి గడప దాటి వచ్చినదాని పేరు వాటిలో ఉండదు. అందుచేతనే నిపుణులు జాబితాతో తృప్తి పడక, ప్రోగ్రాం నడవడిని కూడా కనిపెట్టి చూస్తుంటారు.

1900లో హెన్రీ ఈ పద్ధతిపై గ్రంథం ప్రకటించారు. మరుసటి సంవత్సరం లండన్ వెళ్ళి స్కాట్లండ్ యార్డులో బ్యూరో స్థాపించారు. కాలక్రమాన లండన్ పోలీసు కమిషనరై, సర్ బిరుదు పొందారు. పద్ధతికి హెన్రీ పేరే స్థిరపడింది. ఆయన ప్రోత్సాహం, అధికారబలం లేకుంటే ఆ బీరువా ఖండాంతరాలు దాటేది కాదని ఒప్పుకోవలసిందే. అయినా సూత్రం కట్టిన చేయి వేరు.

హక్ గారు బీహారు పోలీసులో కొనసాగి, 1913లో ఖాన్ సాహెబ్, 1924లో ఖాన్ బహదూర్ బిరుదులు అందుకున్నారు. తమ కృషికి గుర్తింపు కోరుతూ అర్జీ పెట్టుకోవలసి రావడం నాకు బాధ కలిగించే విషయం. మనుషులను పోల్చే విద్య నేర్పినవారు తమను గుర్తించమని అడుగవలసి వచ్చింది. 1926లో హెన్రీ, తన సిబ్బందిలో అందరికన్న హక్ గారి తోడ్పాటే అధికమని లిఖితపూర్వకంగా ఒప్పుకున్నారు. ప్రభుత్వం హక్, బోస్ గార్లకు చెరి 5,000 రూపాయలు బహూకరించింది.

ఉద్యోగ విరమణానంతరం హక్ గారు చంపారన్ ప్రాంతపు మోతీహారీలో స్థిరపడి, 1935లో అక్కడే పరమపదించారు. చాలా ఏండ్లకు భారతీయ పరిశోధకులు పాత దస్త్రాలు తిరుగవేసి, 2005లో కరెంట్ సైన్స్ పత్రికలో ఈ ఇద్దరి కృషిని విశదీకరించారు. బ్రిటన్‌లోని ఫింగర్‌ప్రింట్ సొసైటీ వారి పేర్ల మీద ఒక పురస్కారాన్ని నెలకొల్పింది. కంప్యూటర్లు వచ్చి 1,024 గూళ్ళ బీరువాలు మూలపడ్డాయి. శిక్షణ గ్రంథాలలో మాత్రం అది నేటికీ హెన్రీ పద్ధతియే.