బయోస్ అని పేరు పెట్టినాయన

మే సెలవులకి బాపట్ల నుంచి ఇంటికి బయల్దేరా. తెనాలిలో దిగి రేపల్లె రైలు కోసం చూస్తుంటే నాన్న ఫోన్. ఇంట్లో కంప్యూటర్ అప్‌డేట్ అవ్వట్లేదట, ఎన్నిసార్లు పెట్టినా ఎర్రర్ అట. అదొక్కటే అయితే ఆయన పట్టించుకునేవారు కాదు. మాది ఎరువుల కొట్టు. ఎవరెంత బాకీ అన్నదంతా ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఇంకో కాపీ లేదు. వారం రోజులుగా ఎక్కించిన బిల్లులు కనపడటం లేదన్నారు. తొలకరి లోపు పాత బాకీలు వసూలవ్వాలి. ఇంట్లో సీఎస్ఈ చదివేవాళ్ళుండగా మెకానిక్ ఎందుకని ఆయన ధీమా. నాకేమో ఫార్మాట్ కొట్టడం తప్ప పెద్దగా ఏమీ రాదు.

ముందు ఖాతాలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించా. సి డ్రైవ్‌లో ఖాళీ ఉందా అంటే బోలెడుంది. అప్‌డేట్ కోసం డౌన్‌లోడ్ అయిన పాత ఫైళ్ళు తీసేసి మళ్ళీ మొదలుపెట్టా. అదే ఎర్రర్. ఆ ఎర్రర్ గురించి వెతుకుదామని బ్రౌజర్ తెరిస్తే, గడియారం వెనకబడి ఉందని ఏ సైటూ తెరవలేదు. అప్పుడు చూశా స్క్రీన్ మూల: 2015. సర్వర్ చూపించే సర్టిఫికెట్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది. 2015లో ఉన్న కంప్యూటర్‌కి ఇప్పటి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకే దేన్నీ నమ్మట్లేదు. నాన్న బిల్లులు కూడా ఎక్కడికీ పోలేదు, 2015 కింద కూర్చున్నాయి!

కంప్యూటర్ ఆన్ అవుతుండగా ఎఫ్2 నొక్కి, బయోస్‌లోకి వెళ్ళి తేదీ సరిచేశా. పొద్దున లేచేసరికి మళ్ళీ 2015. నాన్న రాత్రి పూట మెయిన్ స్విచ్ కట్టేస్తారు. అప్పుడు గడియారం నడవాలంటే మదర్‌బోర్డు మీద బిళ్ళలా ఉండే 2032 సెల్ పనిచేయాలి. అది అయిపోయింది. వాచీల కొట్లో కొత్తది కొని వేశా. అప్‌డేట్ ఎక్కుతుంటే పక్కన కూర్చుని, ఈ బయోస్ అనే మాట ఎక్కడిదా అని చూస్తే, మొదట వాడినాయన పేరు గ్యారీ కిల్డాల్ అని వచ్చింది.

ఆ పేరు నాకు తెలుసు. ఫస్టియర్ సెమినార్‌లో ఆయన మీద జోకేసింది నేనే. ఐబీఎం వాళ్ళు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఇంటికొస్తే ఈయన విమానం నడుపుకోవడానికి పోయాడని, అందుకే బిల్ గేట్స్ కోటీశ్వరుడయ్యాడని చెప్పా. అందరూ నవ్వారు. ఆయన గురించి నాకు తెలిసింది అంతే.

కిల్డాల్ 1942లో అమెరికాలోని సియాటెల్‌లో పుట్టాడు. వాళ్ళ కుటుంబానికి ఓడలు నడిపేవాళ్ళకి దారి లెక్కలు నేర్పే బడి ఉండేది. ఆయన కూడా అందులో పాఠాలు చెప్పాడు. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చదువుతూ కంప్యూటర్లలో పడి, 1972లో పీహెచ్‌డీ చేశాడు. కంపైలర్ డిజైన్‌లో మనం తిట్టుకుంటూ చదివే డేటాఫ్లో ఎనాలిసిస్ ఉంది కదా, దానికి 1973లో పునాది పేపర్ రాసింది ఈయనే. నేవీలో చేరాల్సి వస్తే, కాలిఫోర్నియా మాంటెరీలోని వాళ్ళ కాలేజీలో టీచింగ్ దొరికింది.

ఆ రోజుల్లో మైక్రోప్రాసెసర్ అంటే ట్రాఫిక్ లైట్లకో, క్యాలిక్యులేటర్లకో పనికొచ్చే చిప్ అనుకునేవాళ్ళు. కిల్డాల్ మాత్రం దీంతో పూర్తి కంప్యూటర్ చేయొచ్చని పట్టుబట్టాడు. ఇంటెల్ కోసం పీఎల్/ఎం అనే లాంగ్వేజ్ రాశాడు. ఒక ఫ్లాపీ డ్రైవ్ సంపాదించాడు గానీ దాన్ని చిప్‌కి కలిపే సర్క్యూట్ లేదు. తనే చేయాలని చూసి, రాక, చివరికి స్నేహితుడు జాన్ టోరోడ్ సాయం తీసుకున్నాడు. హార్డ్‌వేర్ అంటే భయపడే నాకు ఈ ముక్క భలే నచ్చింది. 1974లో పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊళ్ళో ఆ డ్రైవ్ మీద ఆయన రాసిన సీపీ/ఎం నడిచింది. ఇంటెల్‌కి చూపిస్తే వద్దంది. దాంతో ఆయనా భార్య డొరతీ కలిసి సొంత కంపెనీ పెట్టుకున్నారు. దానికి మొదట పెట్టుకున్న పేరు ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్.

అసలు విషయం ఇక్కడుంది. అప్పట్లో ఒక్కో కంపెనీ మిషన్ ఒక్కో రకం. ప్రతి కొత్త డిస్క్‌కీ సీపీ/ఎం మొత్తం తిరగరాయాలి. ఇమ్సాయ్ అనే కంపెనీ కోసం మళ్ళీ మార్చాల్సి వచ్చినప్పుడు కిల్డాల్‌కి విసుగొచ్చింది. హార్డ్‌వేర్‌తో మాట్లాడే కోడ్ అంతా వేరు చేసి ఒక చిన్న ముక్కలో పెట్టాడు. బేసిక్ ఇన్‌పుట్/అవుట్‌పుట్ సిస్టమ్, అంటే బయోస్. మిషన్ మారితే ఆ ముక్క మార్చుకుంటే చాలు, మిగతాది ముట్టుకోనక్కర్లేదు. ఇప్పటి కంప్యూటర్లలో ఉండేది యూఈఎఫ్ఐ, కానీ మనం ఇంకా బయోస్ అనే అంటాం. ఎ, బి, సి అని డ్రైవ్‌లకి అక్షరాలు పెట్టే అలవాటు కూడా ఇళ్ళలోకి సీపీ/ఎం ద్వారానే వచ్చింది.

ఇక 1980 కథ. ఐబీఎం వాళ్ళు వచ్చిన రోజు పొద్దున కిల్డాల్ విమానంలో వెళ్ళిన మాట నిజమే. వెళ్ళింది షికారుకి కాదు, ఒక కస్టమర్ పని మీద. వ్యాపారం వ్యవహారాలు ఎప్పుడూ చూసే డొరతీయే వాళ్ళతో కూర్చుంది. ఐబీఎం పెట్టిన రహస్య ఒప్పందం మీద సంతకం దగ్గర పీటముడి పడింది. ఆ తర్వాత ఏం జరిగిందో అక్కడున్నవాళ్ళే తలో రకంగా చెప్పారు. ఇంతలో సియాటెల్‌లో టిమ్ పాటర్సన్ అనే ఇంజినీర్ సీపీ/ఎం పద్ధతిలోనే రాసిన ఆపరేటింగ్ సిస్టమ్‌ని మైక్రోసాఫ్ట్ కొని ఐబీఎంకి ఇచ్చింది. అది చూసి కిల్డాల్ గొడవ పడ్డాడు. అప్పటికి సాఫ్ట్‌వేర్ కాపీరైట్ చట్టం ఇంత స్పష్టంగా లేదు. సీపీ/ఎంని కూడా అమ్ముతామని ఐబీఎం ఒప్పుకుంది. తీరా మార్కెట్లోకి వచ్చాక దాని ధర 240 డాలర్లు, పక్కనే ఉన్న డాస్ ధర 40. ఎవరు ఏది కొన్నారో చెప్పాలా?

ఆయన ఆగిపోలేదు. కంప్యూటర్ల మీద ఒక టీవీ ప్రోగ్రామ్‌లో కనిపించాడు, 1985లో సీడీలో ఎన్‌సైక్లోపీడియా తెచ్చినవాళ్ళలో ఉన్నాడు. 1991లో కంపెనీ అమ్మేశారు. డబ్బుకి లోటు లేదు, కానీ ఎక్కడికెళ్ళినా విమానం కథే అడిగేవారట. 1994 జూలైలో మాంటెరీలో తలకి దెబ్బ తగిలి, మూడు రోజులకి పోయాడు. 52 ఏళ్ళు. పసిఫిక్ గ్రోవ్‌లో ఆ పాత ఆఫీస్ ముందు ఫలకం పెట్టేసరికి 2014 వచ్చింది.

అప్‌డేట్ అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. 2015లో ఇరుక్కున్న బిల్లుల తేదీలు నేనూ నాన్నా కూర్చుని ఒక్కొక్కటే మార్చాం, సాయంత్రం దాకా పట్టింది. రాత్రి సెమినార్ పీపీటీ తెరిచి విమానం బొమ్మ ఉన్న స్లైడ్ తీసేశా. క్లాస్ గ్రూప్‌లో పాతది ఇంకా ఉంది, కొత్తది దాని కింద పెట్టా. ఇప్పటిదాకా ఇద్దరే చూశారు.