కంపైలర్ చేసిన గ్రేస్ హాపర్

గ్రేస్ హాపర్ గారు 1906 డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో పుట్టారు. ఏడేళ్ళ వయసులో అలారం గడియారం ఎట్లా మోగుతుందో చూద్దామని ఒకటి విప్పారు. అర్థం కాలేదని ఇంకోటి విప్పారు. అట్లా ఇంట్లో ఉన్న ఏడు గడియారాలూ విప్పేశారు. వాళ్ళమ్మగారు కొట్టలేదు. ఇకమీదట ఒక్క గడియారమే విప్పుకోమని ఇచ్చారు. ఆ అమ్మ కూడా గొప్పదే అని నేను అనుకుంటాను.

గ్రేస్ గారికి లెక్కలంటే ప్రాణం. 1934లో యేల్ యూనివర్సిటీలో లెక్కల్లో డాక్టరేట్ తీసుకుని, కాలేజీలో పాఠాలు చెప్పేవారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు నౌకాదళంలో చేరతానన్నారు. వయసు ఎక్కువ, బరువేమో 15 పౌండ్లు తక్కువ. అయినా పట్టుబట్టి 1943లో చేరారు. 1944లో ఆవిడని హార్వర్డ్ యూనివర్సిటీకి పంపారు. అక్కడ మార్క్ 1 అనే కంప్యూటరు ఉంది. దాని పొడవు 51 అడుగులు! మన డార్మిటరీలో పట్టదేమో.

తర్వాత మార్క్ 2 వచ్చింది. 1947 సెప్టెంబరు 9న అది సరిగా పనిచెయ్యలేదు. అక్కడి వాళ్ళు వెతికితే రిలే అనే స్విచ్చులో రెక్కల పురుగు ఇరుక్కుని చచ్చి ఉంది. దాన్ని తీసి పారెయ్యలేదు. రోజూ రాసే పుస్తకంలో టేపుతో అంటించి, ఎక్కడ దొరికిందో, ఎన్ని గంటలకు దొరికిందో రాశారు. మిషన్లో తప్పును బగ్ అనడం అంతకు ముందు నుంచే ఉంది. కానీ నిజం పురుగు దొరికిన ఈ కథని గ్రేస్ గారు అందరికీ చెప్పి ప్రచారం చేశారు. ఆ పుస్తకం ఇప్పుడు అమెరికాలో మ్యూజియం సొత్తు.

ఇక కంపైలర్ సంగతి. కంప్యూటరుకి తెలిసింది సున్నా, ఒకటి అంతే. మనం మాటల్లో రాసింది ఆ అంకెల్లోకి మార్చే ప్రోగ్రామే కంపైలర్. మా యాడికి తెలుగు సరిగా రాదు. బ్యాంకుకి పోతే ఆమె లంబాడీలో చెప్తుంది, నేను తెలుగులో చెప్తాను. కంపైలర్ చేసేది కూడా అట్లాంటి పనే. 1952లో గ్రేస్ గారు ఏ-0 అనే మొదటి కంపైలర్ చేశారు. కంప్యూటరు లెక్కలు చెయ్యగలదు గానీ ప్రోగ్రాము రాయలేదని చాలామంది నమ్మలేదు. చేసి చూపించినా చాన్నాళ్ళు ఎవరూ వాడలేదు.

ఆవిడ వాడిన యూనివాక్ కంప్యూటరు మెమరీలో 12 వేల అక్షరాలే పడతాయి. అంటే మన నోటుబుక్కులో పది పన్నెండు పేజీలు. ప్రోగ్రాములో ముందుకు దూకమని ఉంటుంది, కానీ దూకాల్సిన చోటు ఇంకా తయారు కాలేదు. ఏం చెయ్యాలి? ఆవిడకి కాలేజీలో ఆడిన బాస్కెట్‌బాల్ గుర్తొచ్చింది. అందులో బంతిని తోటి ఆటగత్తెకి ఇచ్చి, ముందుకు పరిగెత్తి మళ్ళీ అందుకుంటారు. అట్లాగే మెమరీ చివర ఒక మూల ఖాళీగా ఉంచి, ముందు అక్కడికి దూకించారు. అసలు చోటు వచ్చాక ఆ మూల నుంచి అక్కడికి పంపారు. ఆట కూడా చదువుకి పనికొచ్చింది చూడండి.

తర్వాత ఒకే ప్రోగ్రాముని ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ మాటల్లో రాసి పై అధికారులకు చూపించారు. మిషన్ మూడూ చేసింది. అధికారులు మెచ్చుకోకపోగా, అమెరికా మిషన్‌కి పరాయి భాషలేంటని కంగారుపడ్డారు. మిషన్‌కి ఒక భాష గొప్ప, ఒక భాష తక్కువ అని లేదు. ఆ తేడా మనుషులకే ఉంది.

ఆవిడ పని ఆధారంగానే 1959లో కోబాల్ భాష పుట్టింది. నౌకాదళంలో రియర్ అడ్మిరల్ అయి, 1986లో 79 ఏళ్ళ వయసులో రిటైరయ్యారు. 1992 జనవరి 1న చనిపోయారు. ఒక యుద్ధనౌకకి ఆవిడ పేరు పెట్టారు. 2016లో అమెరికా ప్రభుత్వం పెద్ద పతకం ఇచ్చింది.

ఆవిడ జీవితం నుంచి మనం నేర్చుకోవాల్సింది ఏంటంటే, మిషన్ ఆగితే మనిషిని కాదు, కారణాన్ని వెతకాలి. మన కంప్యూటర్లు పాతవి. కంపైలర్ మధ్యలో ఆగిపోతే ఎవరో ఏదో నొక్కేశారు అంటున్నారు. ఆ మాటకి మన క్లాసు పిల్లలు ఇద్దరు ఆ గదికి రావడమే మానేశారు. ఇంట్లో మొదటిసారి చదువుతున్న వాళ్ళం, ఆ మాట అంటే ఎంత భయమేస్తుందో నాకు తెలుసు.

కానీ సార్ ఏం చేశారో చూడండి. అదే ప్రోగ్రాముని రెండు మూడుసార్లు నడిపారు. ప్రతిసారీ ఒకే లైను దగ్గర ఆగితే తప్పు ప్రోగ్రాములోనో కంపైలర్‌లోనో ఉండొచ్చు. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే మెమరీ కార్డునో, వేడినో అనుమానించాలి. మెమరీ చాల్లేదని తెర మీద వస్తే మిగతావి మూసెయ్యాలి, పెద్ద ప్రోగ్రాముని ముక్కలు చేసి ఒక్కోటి ఇవ్వాలి. మన మిషన్ ఒక్కోసారి ఒక్కోచోట ఆగింది. మూత విప్పితే లోపలి ఫ్యాను నిండా దూది పీచు, దుమ్ము ఉండలు కట్టి ఉంది. కిటికీ అవతల పత్తి చేలు, మిరప కల్లాలే కదా. బ్రష్షుతో దులిపితే మిరప ఘాటుకి సారూ మేమూ తుమ్ములే తుమ్ములు. ఆ రోజు నుంచి అది ఆగలేదు. ఎవరూ ఏదీ నొక్కలేదు.

వార్డెన్ మేడం గారికి మా మనవి. ఒక్కో కంప్యూటరు దగ్గర ఒక నోటుబుక్కు దారంతో కట్టించండి. ఎప్పుడు ఆగింది, ఎక్కడ ఆగింది, ఏం చేస్తే నడిచింది అని అందులో రాస్తాం. రాని ఆ ఇద్దరికీ మొదటి పేజీ ఇద్దాం.