డికెన్స్ దాచుకొన్న బాల్యము

ఆకలి బాధ అన్నము దొరికినంతనే తీరును. అవమానము అట్లు తీరదు. అందులోను పసితనమున పడిన అవమానము, కన్నవారి చేతిమీదుగా వచ్చినదైనచో, మనిషితోబాటు పెరుగుచునే యుండును. దానిని కొందరు ఏడ్చి తీర్చుకొందురు. కొందరు ఇల్లు విడిచి పోవుదురు. కొందరు ఎదురు తిరిగి చెడిపోవుదురు. ఎవరికిని చెప్పక గుండెలో దాచుకొని, ఆ కసితోనే పైకి వచ్చువారు మిక్కిలి అరుదు. ఆంగ్ల నవలాకారులలో అగ్రగణ్యుడైన చార్లెస్ డికెన్స్ ఇట్టివారిలో ఒకడు. ఆయన కథలు మన విద్యార్థులు తరతరములుగా చదువుచున్నవే. డేవిడ్ కాపర్‌ఫీల్డు పడిన కష్టములకు కంటతడి పెట్టని పాఠకుడు ఉండడు. ఆ కష్టములలో పెక్కు గ్రంథకర్తవేయని ఆయన జీవించియుండగా లోకమునకు తెలియదు.

డికెన్స్ 1812వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన ఇంగ్లండు దక్షిణ తీరమందలి పోర్ట్స్‌మత్‌లో జన్మించినాడు. తల్లిదండ్రులకు ఎనమండుగురు సంతానము. అందులో ఇతడు రెండవవాడు. తండ్రి జాన్ డికెన్స్ నౌకాదళపు జీతముల కార్యాలయమున గుమాస్తా. మాటకారి, అతిథిప్రియుడు, పిల్లలనిన ప్రాణము పెట్టువాడు. జమాఖర్చులు మాత్రము ఎరుగనివాడు. అప్పు చేసి పప్పుకూడు అను మన సామెత ఆయనకు అక్షరాల సరిపోవును. తల్లి ఎలిజబెత్ ఉల్లాసవతి. కుమారునకు అక్షరములు దిద్దించినదియు, కొంత లాటిను నేర్పినదియు ఆమెయే. చాతమ్ పట్టణమున గడచిన ఐదారేండ్లు బాలునకు సుఖముగా సాగినవి. తండ్రి కొన్న కొద్దిపాటి పుస్తకములు మేడమీది చిన్నగదిలో ఉండెడివి. డాన్ క్విక్సోటు, రాబిన్సన్ క్రూసో, అరేబియన్ రాత్రుల కథలు వానికి నేస్తములైనవి. బాగుగా చదువుకొని పెద్దవాడను కావలెనని ఆ బాలుడు కలలు కన్నాడు.

1822లో కుటుంబము లండనుకు మారినది. అప్పటికే అప్పులు మెడవరకు వచ్చినవి. అక్క ఫానీకి సంగీతమునందు ప్రజ్ఞ గలదని 1823లో ఆమెను రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ అను సంగీత విద్యాలయమున చేర్చినారు. తమ్ముని చదువు సంగతి ఎవరికిని జ్ఞాపకము రాలేదు. ఇంటి పనులు చేయుచు, తండ్రి బూట్లు తుడుచుచు అతడు దినములు గడపినాడు. తల్లి ఊరకుండలేదు. తానే బడి పెట్టెదనని పెద్ద ఇల్లు అద్దెకు తీసుకొని, వాకిట ఇత్తడి పలక తగిలించినది. ప్రకటన కాగితములు ఇంటింట పంచినవాడు చార్లెసే. ఒక్క విద్యార్థియు రాలేదు. ఇంటి సామాను ఒక్కొక్కటే తాకట్టు దుకాణమునకు పోయినది. మేడగదిలోని నేస్తములును పాత పుస్తకముల అంగడికి పోయినవి. వానిని మోసికొని పోయి అమ్మివచ్చిన చేతులు ఆ బాలునివే.

అంతట ఒక బంధువు, తాను చూచు బూటుపాలిషు కర్మాగారమున పిల్లవానికి పని ఇప్పించెదనని చెప్పినాడు. వారమునకు ఆరు షిల్లింగుల కూలి. తల్లిదండ్రులు సంతోషముగా ఒప్పుకొన్నారు. 1824 ఫిబ్రవరిలో, పండ్రెండేండ్లు నిండిన కొద్ది దినములకే, డికెన్స్ పనిలో చేరినాడు. థేమ్స్ నది ఒడ్డున శిథిలమైన పాత ఇల్లు, కుళ్ళిన మెట్లు, నేలమాళిగలో ఎలుకల పరుగులు. పాలిషు జాడీలకు మూతగా నూనెకాగితము, దానిపై నీలికాగితము కప్పి, దారము చుట్టి, అంచులు కత్తిరించి, పేరు ముద్రించిన చీటీ అంటించవలెను. ఉదయము మొదలు రాత్రి వరకు అదే పని.

పనిలో చేరిన పది పన్నెండు దినములకే, ఫిబ్రవరి 20వ తేదీన, ఒక రొట్టెల వర్తకునకు 40 పౌనులు బాకీపడినందులకు తండ్రిని పట్టి బంధించినారు. బాకీ తీర్చలేనివానిని చెరలో వేయు చట్టము ఆనాడు ఇంగ్లండులో అమలునందుండెను. చెరలోనున్నవాడు సంపాదింపలేడు, సంపాదింపనివాడు అప్పు తీర్పలేడు. అయినను ఆ చట్టము సాగుచునే యుండెను. జాన్ డికెన్స్‌ను మార్షల్‌సీ అను చెరసాలకు పంపినారు. కొద్దికాలమునకు తల్లియు చిన్నపిల్లలును ఇల్లు వదలి ఆ చెరసాలలోనే కాపురము పెట్టినారు. చార్లెస్ మాత్రము వెలుపల అద్దెగదిలో ఒంటరిగా మిగిలినాడు. వారపు కూలిని ఆరు పొట్లములుగా కట్టి, ఒక్కొక్కదానిపై వారము పేరు వ్రాసి దాచుకొనెడివాడు. ఆకలికి తాళలేక దారిలో చవుకగా అమ్ము నిన్నటి మిఠాయి కొన్న దినమున మధ్యాహ్న భోజనము లేదు.

ఇట్టి స్థితిలో ఆ పసివాడు ఏమి చేసినాడు? ఫిర్యాదు చేయలేదు. పని ఎగగొట్టలేదు. పనిలో వెనుకబడినచో తోడివారు చులకన చేయుదురని పట్టుబట్టి చేతివేగము నేర్చుకొన్నాడు. కడుపు చించుకొన్న కాళ్ళమీద పడునని మన పెద్దలందురు. ఆ మాట వినకయే అతడు దానిని పాటించినాడు. తోడి పనివాండ్రలో బాబ్ ఫాగిన్ అను కుర్రవాడు వీనిపై దయ చూపెడివాడు. ఒకనాడు పని మధ్య చార్లెస్‌కు పక్కలో నొప్పి పుట్టగా, బాబ్ ఖాళీ సీసాలలో వేడినీరు నింపి సాయంకాలము వరకు కాపడము పెట్టినాడు. ఒంటరిగా పంపుటకు మనసొప్పక ఇంటివరకు దిగబెట్టెదనని వెంట వచ్చినాడు. తనవారు చెరసాలలో ఉన్నారని చెప్పుటకు చార్లెస్‌కు నోరు రాలేదు. సౌత్‌వర్క్ వంతెన దగ్గర ఏదో ఒక ఇంటి మెట్ల మీద నిలిచి, ఇదే మా ఇల్లని చెప్పి సెలవు తీసుకొన్నాడు. బాబ్ వెనుదిరిగి చూచునేమోయని తలుపు కూడ తట్టినాడు. తలుపు తీసిన ఆమెను, బాబ్ ఫాగిన్ గారి ఇల్లు ఇదేనా యని అడిగినాడు! పదుమూడేండ్ల తరువాత ఆలివర్ ట్విస్టు నవలలో పిల్లలకు దొంగతనము నేర్పు దుర్మార్గునకు డికెన్స్ పెట్టిన పేరు ఫాగిన్. ఉపకారము చేసినవానికి ఇదేమి ప్రత్యుపకారమని తోచవచ్చును. తన దైన్యమును కన్నులార చూచినవానిని క్షమించుట, దానిని కలిగించినవానిని క్షమించుటకంటె కష్టము కాబోలు.

మే నెలాఖరున తండ్రి దివాలా చట్టము క్రింద విడుదలయైనాడు. కొడుకు పని మాత్రము ఆగలేదు. కర్మాగారము ఊరినడుమకు మారినది. వెలుతురు కొరకు పిల్లలను కిటికీ దగ్గర కూర్చుండబెట్టగా, దారిన పోవువారు నిలిచి చూచి పోయెడివారు. అది ఎన్ని నెలలు సాగినదో ఆయనకే తరువాత స్పష్టముగా తెలియదు. తుదకు తండ్రికిని ఆ బంధువునకును మాటపట్టింపు వచ్చి పని పోయినది. మరునాడు తల్లి వెళ్ళి ఆ తగవు సర్ది, పిల్లవాడు మరల పనికి రావచ్చునను కబురుతో తిరిగివచ్చినది. తండ్రి వద్దని బడికి పంపినాడు.

ఆ తల్లిని నిందించుట సులభము. ఇంటినిండ పిల్లలు, చేతిలో చిల్లిగవ్వ లేదు, భర్త లెక్కలేని మనిషి. ఆరు షిల్లింగుల విలువ ఆమెకే తెలియును. కాని పండ్రెండేండ్ల పిల్లవానికి కనబడినది అది కాదు. తన్ను మరల ఆ చీకటింటికి పంపుటకు తల్లి సిద్ధపడినది, అంతియే. అప్పులు చేసి ఇల్లు గుల్ల చేసిన తండ్రిని అతడు క్షమించినాడు. ఒక్కపూట తప్పు మాటాడిన తల్లిని క్షమింపలేకపోయినాడు. పిల్లల న్యాయస్థానమున తీర్పులు ఇట్లే యుండును. వారు తప్పును తూచరు. తమ పక్షమున ఎవరు నిలిచిరో, ఎవరు నిలువలేదో చూతురు.

ఆ తరువాతి కథ లోకవిదితము. పదునైదవ ఏట న్యాయవాదుల కార్యాలయమున గుమాస్తా. పిమ్మట సంక్షిప్తలేఖనము నేర్చి పార్లమెంటు విలేఖరి. 1836లో పిక్విక్ పేపర్స్ ప్రారంభించి ఇరువదినాలుగేండ్లకే దేశమంతట పేరు పొందినాడు. లోపలి కోపము వృథా పోలేదు. అనాథాశ్రమముల నిర్దయ, పిల్లలను హింసించు పాఠశాలలు, మార్షల్‌సీ చెరసాల, అన్నియు నవలలకు ఎక్కినవి. 1847లో ఏంజెలా బర్డెట్ కూట్స్ అను ధనవంతురాలి సాయముతో, దారి తప్పిన యువతులకు యురేనియా కాటేజ్ అను ఆశ్రమమును నెలకొల్పినాడు. అక్కడ గడచిన జీవితమును ఎత్తిపొడుచుట నిషిద్ధము. సత్యము, శ్రమ, శుభ్రత వంటి గుణములకు దినదినము మార్కులు వేసెడివారు. కోపమును అదుపులో పెట్టుకొనుటకును అందులో మార్కులుండెను. ఒక్కొక్కరి కథను డికెన్స్ స్వయముగా అడిగి వ్రాసికొనెడివాడు. తన కథను మాత్రము ఎవరికిని చెప్పలేదు.

ఆ 1847లోనే మిత్రుడు జాన్ ఫార్‌స్టర్ యథాలాపముగా ఒక ప్రశ్న వేసినాడు. ఒక పెద్దమనిషి చిన్నతనమున ఆయనను ఏదో గిడ్డంగిలో పనిచేయుచుండగా చూచెనట, నిజమేనాయని. డికెన్స్ చాలసేపు మౌనముగా ఉండిపోయినాడు. తరువాత ఆ కథ కాగితముమీద పెట్టి ఫార్‌స్టర్‌కు ఇచ్చినాడు. అంతవరకు భార్యకు కూడ చెప్పలేదని అందు వ్రాసినాడు. ఆత్మకథగా ఆరంభించిన ఆ వ్రాతను నిలిపివేసి, 1849లో డేవిడ్ కాపర్‌ఫీల్డుగా మార్చినాడు. అందులోని మికాబర్ ఆయన తండ్రియే. చూచినవారెల్ల ప్రేమింపదగిన మనిషి. తల్లి అంతకు ముందే నికొలస్ నికల్బీ నవలలో తెలివిలేని వాగుడుకాయగా నవ్వులపాలైనది. ఆమెను పోషించుటలో కుమారుడు లోపము చేయలేదు. 1863లో ఆమె మరణించువరకు మనసు మాత్రము కరగలేదు.

కష్టపడి పెరిగినవాడు తన బిడ్డల కష్టమును ఇట్టే గుర్తించునని మనము తలంతుము. డికెన్స్ ఇంట అట్లు జరుగలేదు. పదిమంది బిడ్డలను కన్న భార్య కేథరిన్‌తో 1858లో తెగతెంపులు చేసికొని, ఆ సంగతి పత్రికలో ప్రకటించినాడు. కుమారులలో పట్టుదల లేదని, తాత గుణము వచ్చినదని వాపోయెడివాడు. ఒకరి తరువాత ఒకరిని దూరదేశములకు పంపినాడు. వాల్టర్ పదునారవ ఏట, 1857లో, సైనికోద్యోగమునకై మన దేశమునకు వచ్చినాడు. 1863 డిసెంబరు 31వ తేదీన కలకత్తాలో మరణించినాడు. అప్పటికి వానికి ఇరువదిరెండేండ్లు. వెనుక మిగిలినవి అప్పులు. ఆ వార్త తండ్రికి చేరినది 1864 ఫిబ్రవరి 7న, ఆయన పుట్టినరోజున.

మరియొక కుమారుడు హెన్రీ కేంబ్రిడ్జిలో చదివి ఏటేట 50 పౌనుల విద్యార్థివేతనము గెలిచినాడు. రైలు స్టేషనుకు వచ్చిన తండ్రికి ఆ శుభవార్త చెప్పగా, ఆయన ముక్తసరిగా మెచ్చుకొని ముందుకు నడచినాడు. కుమారుని ముఖము చిన్నబోయినది. సగము దారి సాగిన పిమ్మట తండ్రి ఒక్కసారిగా వెనుదిరిగి, కన్నుల నీరు నిండగా, కొడుకు చేయి నొప్పి పుట్టునంత గట్టిగా పట్టుకొన్నాడు. లక్షలమందిని ఏడ్పించి నవ్వించిన వానికి ఇంటిలో నోరు పెగలలేదు. పండ్రెండవ ఏట మూసుకొన్న తలుపు అది. దాని వెనుకనుండి ఆయన గొప్ప సాహిత్యమును మనకు అందించినాడు. తనవారిని మాత్రము లోనికి రానీయలేదు.

1869 క్రిస్మసునాడు గాడ్స్ హిల్ ఇంట అందరును జ్ఞాపకశక్తి ఆట ఆడినారు. ఒక్కొక్కరు ఒక మాట చెప్పవలెను. తరువాతివారు ముందు మాటలన్నియు అప్పజెప్పి, తమ మాట చేర్చవలెను. తన వంతు రాగా డికెన్స్ ఒక పాతకాలపు బూటుపాలిషు అంగడి పేరు, స్ట్రాండు వీధిలోని దాని చిరునామా చేర్చినాడు. ఆయన కంఠస్వరమును, కన్నులలోని వింత మెరుపును హెన్రీ గమనించినాడు. అర్థము మాత్రము ఎవరికిని తెలియలేదు, ఎవరును అడుగలేదు. ఆట ముందుకు సాగినది. 1870 జూన్ 9వ తేదీన ఆయన కన్ను మూసినాడు. పిమ్మట ఫార్‌స్టర్ వ్రాసిన జీవితచరిత్ర వెలువడినది. ఆ క్రిస్మసునాడు తండ్రి చెప్పిన మాట ఏమిటో అప్పుడు బిడ్డలకు బోధపడినది.